ఇద్దరు ఎత్తే పెట్టెలు

పెద్దల్లుడు బుధు ఒక్క పెట్టెనే ఆటోలో వేసుకుని వచ్చిన రోజునే ఫల్గుణకి సంగతి తెలిసిపోయింది. ఆ రెండు సౌండు పెట్టెలూ విడిగా తిరగడం అతను అంతకు ముందు చూడలేదు. ఒకే పనస మాను కోసి, ఒకే నీడన ఆరబెట్టి, తన చేతులతో బిగించిన జత అది. పెళ్ళికి వెళ్ళినా, ఇటుకల పండగకి వెళ్ళినా, మూల ఊడి తన వాకిట్లోకి వచ్చినా రెండూ కలిసే వచ్చేవి.

"రెండోదేదీ?" అని అడిగాడు, తెలిసే.

"ధర్మ కాడుంది," అన్నాడు పెద్దల్లుడు, మొహం పక్కకి తిప్పుకుని. "ఇంక ఎవుడిది ఆడిదే మావా. దీనికి జోడొకటి సేసియ్యి."

ఫల్గుణ చేతిలోని చిత్రిక కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఆటో వెనక్కి వెళ్ళి పెట్టెకి రెండో పక్క పట్టుకున్నాడు. దించాలంటే ఇద్దరుండాలి. దాని బరువు అలాంటిది.

గుమ్మపుట్టులో ఫల్గుణది కొండకమ్మరుల ఇల్లు. తండ్రి కొలిమీ బాడిసా రెండూ పట్టినవాడు. నాగళ్ళూ తలుపులూ చేసి చుట్టుపక్కల గూడేలన్నిటికీ ఇచ్చాడు. ఫల్గుణ వంతు వచ్చేసరికి నాగలి అడిగేవాళ్ళు తగ్గారు, మంచం కావలసినవాళ్ళు సంతలో ఇనప మంచం కొనుక్కుని నెత్తిన పెట్టుకుపోతున్నారు. అలాంటి రోజుల్లో అల్లుళ్ళిద్దరూ కలిసి విశాఖపట్నం వెళ్ళి ఆంప్లిఫయరూ, పళ్ళెమంతేసి స్పీకర్లూ తెచ్చుకుని, "మావా, పెట్టెలు నువ్వే సెయ్యాల" అన్నారు. పెద్దల్లుడు బుధుది ఎగువనున్న మజ్జిగూడ, రత్నాలు మొగుడు. చిన్నల్లుడు ధర్మది పారే గెడ్డ అవతల కంబవలస, భాను మొగుడు. తోడల్లుళ్ళు అంత కలిసి ఉండడం చూసి ఊళ్ళో వాళ్ళు ముచ్చటపడేవారు.

అప్పటికి ఫల్గుణ అలాంటి పెట్టెలు చేసి ఎరగడు. అరకులో ఒక షాపు ముందున్న పెట్టెకి దారంతో కొలత తీసుకుని, అంతకన్నా నాలుగు వేళ్ళు పెద్దదే చేద్దామనుకున్నాడు. గాలివానకి పెరట్లో పడిపోయిన పనస మాను ఉండనే ఉంది. చెక్క పల్చనైతే పాట కన్నా ముందు చెక్కే మోగుతుందని అతనికి అనిపించింది. అందుకని పలకల మందం తగ్గించలేదు. మూలలు ఒకదానిలో ఒకటి దిగేలా కోసి బిగించాడు. సందుల్లో జిగురూ రంపపు పొట్టూ కలిపి కూరాడు. లోపల పాత గొంగళి ముక్కలు అంటించాడు. గాలి పోవడానికి ముందు పక్క కింద కంత తొలిచి, పైన నల్ల రంగు పూశాడు. మొదటిసారి పాట పెట్టినప్పుడు వాకిట్లో నిలబడ్డవాళ్ళకి అది చెవుల్లో కాదు, కడుపులో మోగింది. అతని భార్య సోములమ్మ గుండెల మీద చెయ్యేసుకుని "ఓలమ్మో" అంది.

బరువు సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఎత్తడానికి ఇద్దరున్నారు కదా.

ఆ ఇద్దరికీ మాఘమాసంలో ఒక పెళ్ళిలో చెడింది. బుధు తెల్లారిన దగ్గర్నుంచి కాఫీ పళ్ళు ఏరి, అటునుంచి అటే పెళ్ళికి వచ్చి, జనరేటరు పక్కన గోనె మీద ఒరిగాడు. ఒరిగినవాడు ఒరిగినట్టే నిద్రపోయాడు. కాలం కాని కాలంలో వాన పడింది. భోజనాల దగ్గరున్న ధర్మ పరుగెత్తుకొచ్చి బరకం కప్పేసరికే వైర్లు తడిశాయి. పెళ్ళివాళ్ళందరి ముందూ ధర్మ అరిచాడు: "తొంగోడానికే పుట్టినావేటి నువ్వు? నీకన్నా కాపలా కుక్క నయం!" చిన్నవాడు పెద్దవాణ్ణి అనవలసిన మాట కాదు. బుధు లేచి, ఆడుతున్న జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి, ఉన్న వైర్లన్నీ పీకి గెడ్డలోకి విసిరేశాడు. మర్నాడు పంచుకున్నారు. ఆంప్లిఫయరు ఒకరు, జనరేటరు ఒకరు, పెట్టెలు చెరొకటి. తక్కువైనవి ఎవరికి వారు కొనుక్కున్నారు.

బుధు వచ్చి వెళ్ళిన వారానికే ధర్మ వచ్చాడు, తన పెట్టెతో. "ఆడికి సేస్తన్నావు గదా. నాకూ జోడు సెయ్యి. నాను కాదా అల్లుణ్ణి?"

"నువ్వూ అల్లుడివే," అన్నాడు ఫల్గుణ.

"మరైతే ఆడిదానికన్నా తక్కువ ఉండకూడదు."

పనస చెక్క మిగల్లేదు. ఎస్.కోట నుంచి ప్లైవుడ్ తెప్పించి, పలకని పలకకి జోడించి, సిల్వర్ ఓక్ బద్దలు లోపల అడ్డంగా కొట్టి, అల్లుళ్ళ మధ్య తేడా చూపించాడన్న మాట రాకుండా రెండూ ఒక్కలాగే చేశాడు. ఉగాది వెళ్ళేదాకా అదే పని. గరుకు కాగితం రుద్ది రుద్ది అరిచేతులు మొద్దుబారాయి. ముక్కులో ఎప్పుడూ జిగురు వాసనే. పాతవాటితో సమానంగా మోగాలంటే వీటినీ అంత బరువుగానే చెయ్యక తప్పలేదు. ఇద్దరికీ జతలు కుదిరాయి. కుదరనిది రెండో మనిషి.

బుధు ముందు తన గూడెంలో కుర్రాళ్ళని అడిగి చూశాడు. చేతిలో సత్తువున్న వాళ్ళంతా రొయ్యల చెరువుల పనికీ, విశాఖ సైటు పనులకీ దిగిపోయారు. పెళ్ళిలో ఎవరో ఒకరు చెయ్యి వేస్తారులే అనుకుంటే, తాగి ఉన్నవాడు చెయ్యి వేసి, పెట్టెని పక్కవాడి కాలి మీదకి వదిలేశాడు. దాంతో బుధు ఒకరోజు పొద్దున్నే మామ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మావా, ఒక్క చెయ్యి ఎయ్యవా? ఈ ఒక్క పెళ్ళికే."

ఫల్గుణ వెళ్ళాడు. రెండు పెట్టెలు ఎత్తాలి, అక్కడ దించాలి, పాటలు అయ్యాక మళ్ళీ ఎత్తాలి, ఇంటి దగ్గర మళ్ళీ దించాలి. దించేసరికి నడుం తనది కాదనిపించింది. అది తెలిసి ధర్మ రెండో రోజుకి వచ్చాడు. "ఆడి పెట్టెలు ఎత్తినావట. నావి ఎత్తవేటి?" ఫల్గుణ ఆ ఆటో కూడా ఎక్కాడు.

అలా చైత్ర వైశాఖాల పెళ్ళిళ్ళు గడిచాయి. ఒక రోజు బుధు ఆటో, ఒక రోజు ధర్మ ఆటో. పెట్టెలు వాళ్ళ ఇళ్ళకి చేర్చాలంటే ముసలాయన్ని అంతదూరం తీసుకెళ్ళి మళ్ళీ దింపాలి కనుక, చివరికి ఇద్దరూ తమ పెట్టెలని మామగారి సాలలోనే ఉంచడం మొదలుపెట్టారు. అవి ఈ గోడకి రెండు, ఆ గోడకి రెండు. వాటి మధ్య ఫల్గుణ రంపాలూ ఉలులూ. అతను పని చేసుకోవడానికి జాగా మిగల్లేదు. చెయ్యడానికి పనీ లేదనుకోండి. పొద్దున్న లేస్తే ఎవరో ఒకరి పెట్టె ఎత్తడమే పని.

"నీది వడ్రంగమా, కళాసీ పనా?" అనేది సోములమ్మ, నడుముకి ఇప్పనూనె మర్దనా చేస్తూ.

"ఏటి సెయ్యమంటావు?"

"రాననీ."

"ఒకడితో అంటే రెండోవోడి కాడికే ఎల్తన్నావంటాడు. ఇద్దరితో అంటే గుంటల్ని అంటారు."

కూతుళ్ళ సంగతే సోములమ్మకీ దిగులు. మొగుళ్ళు మాటలు మానేశాక రత్నాలూ భానూ కూడా మానేశారు. సంతలో ఎదురుపడితే ఒకతి చింతపండు రాశుల వైపు తిరిగిపోయేది, ఒకతి గాజుల దుకాణం వైపు. పుట్టింటికి వచ్చినా ఒకరు ఉన్నప్పుడు ఒకరు రారు. ఎవరు వచ్చినా రెండో వాళ్ళ గురించి అడగరు. సోములమ్మ తనంతట తను చెబితే వింటారు, వినలేదన్నట్టు లేచి బియ్యం ఏరుకుంటారు.

ధర్మకి ఆ పని మీద మోజు ఉంది. పెళ్ళిలో పెట్టెల వెనక కూర్చుని మీటలు తిప్పుతూ, "మావా, పాతది బొజ్జలోంచి పలుకుతంది, కొత్తది గొంతులోంచి పలుకుతంది. దీన్ని ఏటో సెయ్యాల" అనేవాడు. ఆ సంగతి ఫల్గుణకీ తెలుసు. పనస పనసే, ప్లైవుడ్ ప్లైవుడే. కానీ మళ్ళీ విప్పి, మళ్ళీ అంటించి, మళ్ళీ రుద్దే ఓపిక లేక ఊరుకునేవాడు. పక్కటెముకల్లో మోత దడదడలాడుతూ ఉంటే, మధ్యాహ్నం ఎండలో, ఆకులో అన్నం ముందు పెట్టుకుని తినకుండానే కూర్చునేవాడు. ఎందుకంటే ముద్ద నోట్లో పెట్టుకునే వేళకే "మావా, ఆ పెట్టె కాస్త ఇటు జరపాల" అని పిలుపు వచ్చేది.

బుధు అలా కాదు. ఘాటు రోడ్డు దిగుతుండగా ఒకసారి ఆటో ఆపి, హ్యాండిలు మీద తల ఆనించి అన్నాడు: "ఒగ్గేద్దుననే ఉంది మావా. కాఫీ మొక్కలు సూసుకుంటే సాలు నాకు. నిద్దర సాలక సచ్చిపోతన్నాను."

"ఒగ్గెయ్యి మరి."

"నాను ఒగ్గేస్తే ఆడు నవ్వుతాడు."

ఫల్గుణ లోయ వైపు చూస్తూ కూర్చున్నాడు. కింద వలిసె చేలు కోసేసిన మళ్ళు ఎర్రగా, బోసిగా ఉన్నాయి. అల్లుడు ఆ నవ్వుకి భయపడి బతుకంతా ఈ పెట్టెలు మోస్తాడు కాబోలు, వీడితో పాటు తనూ మోస్తాడు కాబోలు అనుకున్నాడు. అనుకున్నాడే గాని కోపం రాలేదు. కోపానికి కూడా కొంచెం బలం కావాలి.

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం ధర్మ పెట్టెల్లో రెండోదాన్ని ఆటోలోంచి దించుతుంటే ఫల్గుణ నడుములో ఏదో తెగినట్టయింది. పెట్టెని నేలకి ఆనించి, దాని మీదే వాలి, కాసేపు అలాగే ఉండిపోయాడు. ధర్మ భుజం పట్టుకుని మంచం దాకా నడిపించాడు. "పొద్దుటికి సద్దుకుంటాది మావా, రేపు డుంబ్రిగుడలో పెళ్ళుంది" అని చెప్పి వెళ్ళాడు.

పొద్దుటికి సర్దుకోలేదు. పక్కకి తిరగడానికి కూడా లేకపోయింది. మొహం కడుక్కోవడానికి సోములమ్మే చెంబుతో నీళ్ళు తెచ్చింది. అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది, బుధుది. ఆ రోజు అతనికీ ఒక పెళ్ళి ఉంది, అనంతగిరి వైపు. పెళ్ళివాళ్ళు రత్నాలుకీ చుట్టాలు కనుక ఆమె కూడా కొత్త చీర కట్టుకుని వచ్చింది. బుధు ఇంకా గుమ్మం ఎక్కకుండానే రెండో ఆటో వచ్చి వెనక ఆగింది. అందులో ధర్మా, భానూ.

సోములమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇయాల ఆయన లెగడు. నిన్న నడుం పోయింది. మీ పెట్టెలు మీరే సూసుకోండి."

మంచం మీంచి ఫల్గుణకి తలుపు సందులోంచి వాకిలి కనిపిస్తోంది. బుధు ఒక ఆటోకి ఆనుకుని నిలబడ్డాడు, ధర్మ ఇంకో ఆటోకి. ఇద్దరూ ఎత్తుకి ఎత్తు సరిపోయిన మనుషులు. నాలుగు చేతులూ కలిస్తే నాలుగు పెట్టెలూ కిళ్ళీ నమిలినంతలో బళ్ళెక్కిపోతాయి. ఒకడు చెట్టు కేసి చూస్తున్నాడు, ఒకడు ఫోను కేసి చూస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది. బుధు ఫోను మోగింది, పెళ్ళివాళ్ళే అయి ఉంటారు. "బయల్దేరిపోయాం, వస్తన్నాం" అన్నాడు, కదలకుండా. ఫల్గుణ మోచేతి మీద లేవబోయాడు. నొప్పి వీపంతా పాకి మళ్ళీ పడుకోబెట్టింది.

అప్పుడు రత్నాలు ఆటో దిగింది. కొత్త చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి బొడ్లో దోపుకుని, ఎవరి వైపూ చూడకుండా సాలలోకి వెళ్ళి, తన మొగుడి పెట్టెకి ఒక పక్క చేతులు వేసి నిలబడింది. పిలవలేదు. ఊరికే నిలబడింది, అంతే.

భాను కొంతసేపు ఆటోలోనే కూర్చుంది. తరవాత చెప్పులు విప్పి దిగింది.

ఆ ఇద్దరికీ అది కొత్త కాదు. ఫల్గుణకి కొడుకులు లేరు. పెద్ద మానులు కోసేటప్పుడు రంపం ఆ చివరా ఈ చివరా పట్టింది ఈ ఆడపిల్లలే. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేకుండా కోసేవారు.

"ఎత్తు," అంది రత్నాలు.

పెట్టె లేచింది. గుమ్మం దగ్గర భాను అక్కతో అంది, "నీ పక్క దించప్పా. గడప."

అవి మాఘమాసం తరవాత వాళ్ళు ఆడుకున్న మొదటి మాటలు. బుధు గబగబా వచ్చి చెయ్యి వెయ్యబోతే రత్నాలు "తప్పుకో" అంది. ధర్మ తన ఆటో దగ్గర్నుంచి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. అక్కాచెల్లెళ్ళు బుధు పెట్టెలు రెండూ ఎక్కించి, ధర్మవి రెండూ ఎక్కించారు. చివరి దానికి భాను వేళ్ళు ఇనప మూల కింద నలిగి రక్తం వచ్చింది. రత్నాలు ఆ చెయ్యి పట్టుకుని, కొత్త చీర కొంగుతో తుడిచి, చూసి, వదిలేసి వెళ్ళి ఆటో ఎక్కింది. రెండు బళ్ళూ రెండు దారుల్లో పోయాయి.

ఫల్గుణ కప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. సిగ్గనిపించింది. తను చేసిన వస్తువు కూతుళ్ళ చేతులు నలిపిందని సిగ్గు. దానితో పాటే, ఆ రోజు తను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కదా అన్న హాయి కూడా ఉంది. ఆ హాయికి మరికాస్త సిగ్గుపడ్డాడు.

ఆషాఢం పట్టాక అతను కర్ర ఊతంతో లేచి తిరిగాడు. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ముందు బుధుని పిలిపించి మాట్లాడాడు. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ధర్మతోనే కష్టమైంది.

"ఇప్పేస్తావా? పనస పెట్టెల్ని?"

"రెండు పెద్దవి ఇప్పి నాలుగు సిన్నవి సేస్తాను. నీకు రెండు, ఆడికి రెండు. ఒక్క మనిషి బుజాన ఎట్టుకుని పోయీలాగ."

"మరి స్పీకర్లో?"

"పెద్దవి అమ్మేసి సిన్నవి కొనుక్కోండి."

"మోత తగ్గిపోద్ది మావా!"

"తగ్గుద్ది."

"ఎవుడు పిలుస్తాడు మమ్మల్ని? కిందనుంచి డీజే లారీలు వస్తన్నాయి. ఆటి ముందు మనం..."

ఫల్గుణ ఓపిగ్గా విన్నాడు. విని, "సరే, ఇప్పను. ఇవే ఉంచుతాను. రెండో పక్క పట్టుకునీవోణ్ణి తెచ్చుకో" అన్నాడు.

వాన చూరు మీంచి కారుతోంది. ధర్మ "నీ ఇష్టం," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సోములమ్మకి ఇష్టం లేకపోయింది. "అంత బాగా సేసి, మళ్ళీ నీ సేత్తోనే కోస్తావా?" అంది.

"బాగానే సేసినాను. బరువెక్కువైపోనాది."

మూలలు విప్పడం అనుకున్నంత సులువు కాలేదు. తను కూరిన జిగురు రాయైపోయింది. ఉలి పెట్టి కొడితే చెక్క చిట్లుతోంది గాని సందు వదలడం లేదు. చివరికి రంపమే పెట్టవలసి వచ్చింది. రంపానికి రెండో చివర పట్టుకోవడానికి సోములమ్మ రత్నాలుకి కబురు పంపింది. రత్నాలు వచ్చింది. మధ్యాహ్నానికి, ఎవరూ పిలవకుండానే, భాను వచ్చింది. అయ్యకి సాయం అని చెప్పింది. సాయం చేసింది కూడా. ఫల్గుణ గీత గీసి పక్కన స్టూలు మీద కూర్చుంటే, వాళ్ళిద్దరూ లాగారు. మొదట్లో రంపం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తరవాత రాగి నారు సంగతి వచ్చింది, హాస్టల్లో పిల్లలకి దురదలు వచ్చిన సంగతి వచ్చింది. మొగుళ్ళ పేరు ఎవరూ ఎత్తలేదు. పనస చెక్క లోపల ఇంకా పసుపు పచ్చగానే ఉంది. పొట్టు వాళ్ళ పాదాల మీద పడుతూ ఉంది.

ఆ వానాకాలమంతా ఫల్గుణ మెల్లగా పని చేశాడు. ఒక రోజు చేస్తే రెండు రోజులు పడుకునేవాడు. చేతులు మునుపటిలా తిన్నగా పోవడం లేదు. ఒక పెట్టె మూల రవంత ఎగుడుగా వచ్చింది. వచ్చిందని తెలిసీ వదిలేశాడు. ప్లైవుడ్ పెట్టెలు విప్పి సోములమ్మకి రాగులు పోసుకోవడానికి ఒకటి చేశాడు. మిగిలింది చూరు కింద పెట్టాడు. అల్లుళ్ళు వేరు వేరు రోజుల్లో వచ్చి చిన్న పెట్టెలు పట్టుకుపోయారు. బుధు రెంటినీ రెండు చంకల్లో పెట్టి చూసుకుని, మొట్టమొదటిసారి నవ్వినట్టు మొహం పెట్టాడు. ధర్మ కొత్త స్పీకర్లు బిగించి, ఆంప్లిఫయరుకి ఫోను తగిలించి విని, "పోనీలే," అన్నాడు.

అతను భయపడినట్టే కొన్ని పెళ్ళిళ్ళు డీజే లారీలకి పోయాయి. కొన్ని మిగిలాయి. బుధు ఎక్కువగా బారసాలలకీ ప్రార్థనలకీ వెళుతున్నాడు, పొద్దు ఉండగానే ఇంటికి వచ్చేస్తున్నాడు. తోడల్లుళ్ళు ఇప్పటికీ మాట్లాడుకోరు. ఎదురుపడితే దారి పక్కకి తప్పుకుంటారు. సంతకి మాత్రం అక్కాచెల్లెళ్ళు కలిసే వెళుతున్నారు.

మళ్ళీ మాఘంలో కంబవలసలో పెళ్ళి అయితే ఫల్గుణ వెళ్ళాడు, చుట్టంగా. పందిట్లో వరసగా కూర్చోబెట్టి ఆకులు వేశారు. ఆడవాళ్ళ వరసలో రత్నాలూ భానూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. పాటలు పెద్దగా లేవు, పక్కవాడి మాట వినపడుతోంది. నడుము మాత్రం పూర్తిగా తగ్గలేదు. కింద కూర్చుంటే లేవడం కష్టమని అరుగు మీద గోడకి ఆనుకుని, ఆకు ఒడిలో పెట్టుకుని మెల్లగా తింటున్నాడు. ధర్మ ఒక పెట్టెని భుజాన పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా జనంలోంచి వస్తూ, అతని ముందు ఒక్క క్షణం ఆగాడు.

"మావా, పప్పు ఏసినారా నీకు?"

"ఏసినారు. తింటన్నాను," అన్నాడు ఫల్గుణ, అల్లుడికి దారి దొరికేలా కాళ్ళు దగ్గరికి తీసుకుంటూ.